ముక్కోణం గుర్తు

ప్రొద్దుటూరులో కమాల్ బాషా అంగడి ఎక్కడని అడిగితే దారి చెప్పేవాళ్ళు తక్కువ. బుక్కు బాషా అంగడి అంటే మాత్రం బంగారు అంగళ్ళ సందు మొదట్లో నిలబడిన ఎవరైనా చెయ్యి చాపి చూపిస్తారు. టేపురికార్డరు కానీ, యాంప్లిఫయరు కానీ, ఏది తెచ్చి బల్లమీద పెట్టినా ఆయన ముందుగా స్క్రూడ్రైవరు పట్టుకోడు. వెనక్కి తిరిగి అలమార తెరిచి, ఆ మిషనుకు కంపెనీవాళ్ళు అచ్చువేసిన సర్వీసు మాన్యువల్ బయటికి తీస్తాడు. కువైట్‌లో ఉన్న బామ్మర్ది ఇరవై ఏళ్ళుగా, వచ్చినప్పుడల్లా అక్కకు అత్తరు సీసా మరిచిపోయినా, బావకు ఈ పుస్తకాలు మాత్రం మరవకుండా తెచ్చి ఇస్తున్నాడు. కమాల్ బాషా ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. ఇంగ్లీషు వాక్యం చదవమంటే నీళ్ళు నములుతాడు. ఆ గీతలు, అంకెలు, గుర్తులు మాత్రం ఆయనకు కొట్టిన పిండి. సెల్లు అయిపోయిన ట్రాన్సిస్టరుకు కూడా బుక్కు తెరుస్తాడని తోటి మెకానిక్కులు ఎగతాళి చేస్తారు. వాళ్ళ ఇళ్ళల్లో సెట్టు మూగపోతే మాత్రం సందు చివర నుంచి గుట్టుగా ఆయన దగ్గరికే వస్తుంది.

ఆయనకు రెండు అలవాట్లున్నాయి. బాగుచేసిన సెట్టు మూత లోపలివైపు పెన్సిలుతో తన పేరు, తారీకు, చూసిన పేజీ నంబరు రాస్తాడు. పీకేసిన పాత సామాన్లు ఎంత చిన్నవైనా కాగితం కవరులో వేసి సెట్టు యజమానికి ఇస్తాడు. "ఇవి మాకెందుకు మామా" అంటే, "నీ సామాను నీకు. నేనేం తీసినానో నువ్వు సూడల్ల గదా" అంటాడు. అంగడికి ఎదురుగా టార్పాలిన్ కింద పూలు కట్టే పెద్దసుబ్బమ్మ ఆ కవర్లలో ఒకదాన్ని దేవుని పటం వెనక దాచుకుంది. పొద్దున ఆమె గంప దించీ దించకముందే రేడియో పెడుతుంది. ఆయన బాగుచేసి పదకొండేళ్ళయినా ఆ రేడియో గొంతు మారలేదు.

ఆ సోమవారం పొద్దున గోనెసంచి ఒకటి చంకన పెట్టుకొని రంగన్న అంగడి మెట్లెక్కాడు. జమ్మలమడుగు తట్టు కోనదిన్నెలో రంగన్న అంటే ఆ ఊరి నాయకునికి కుడిచెయ్యి. జీపులో ముందు సీటు ఆయనది. అట్లాంటివాడు సంచి తానే మోసుకొని రావడమే కమాల్ బాషాకు వింతగా తోచింది.

సంచిలో నుంచి తీసి బల్లమీద పెట్టింది ఒక కువైట్ సెట్టు. రేడియో, టేపు, యాంప్లిఫయరు మూడూ ఒకే పెట్టెలో ఉన్నవి. ఒక పక్కంతా కాలి, ప్లాస్టిక్ జారిపోయి గడ్డకట్టి ఉంది. దాని వెంట ఒక చెక్క స్పీకరు డబ్బా. రెండోదేమైందో లేదు. కాలిన బోద గడ్డి వాసన అంగడంతా అలుముకుంది.

"గుర్తు పట్టినావా మామా" అన్నాడు రంగన్న.

పట్టకేం. రెండు నెలల కిందట ఎర్రన్న తెచ్చిన సెట్టు అది. గొర్రెలు కాసుకునే ఎర్రన్న రెండు పొట్టేళ్ళు అమ్మి ఈ సెట్టు కొన్నాడు. చెడిపోతే ఎక్కడో ఇచ్చి పోకుండా, రిపేరు జరిగినంతసేపూ ఆ స్టూలు మీద కూర్చొని కన్నార్పకుండా చూశాడు. పుస్తకంలో ఒకచోట చిన్న ముక్కోణం, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం కనబడితే అదేందని అడిగాడు. "ఈ గుర్తు ఉన్నకాడ కంపెనీ సెప్పిన సామానే ఎయ్యల్ల. వేరేది యేస్తే ఇల్లు కాలిపోతాది, మనిషి సచ్చిపోతాడు. సందులో శానామంది ఫ్యూజు బదులు రాగితీగ సుట్టేస్తారు. నేను సచ్చినా ఎయ్యను" అని కమాల్ బాషా చెప్పాడు. ఎర్రన్న ఆ ముక్కోణం మీద వేలు పెట్టి పసిపిల్లవాడిలా సంతోషపడ్డాడు. పది రోజుల కిందట కోనదిన్నెలో రాత్రిపూట అతను ఒక్కడే పడుకున్న కొట్టం మీద బాంబులు పడ్డాయనీ, పైకప్పు బోద అంటుకొని నిద్రలోనే పోయాడనీ విన్నప్పుడు కమాల్ బాషా ఆ పూట అన్నం ముట్టలేదు. పోయిన పంచాయితీ ఎన్నికల్లో రంగన్న నాయకుని తరఫున ఏజెంటుగా కూర్చోవడమే ఎర్రన్న చేసిన నేరం.

"దీన్ని బాగుజేసేదేముంది రంగన్నా" అన్నాడు.

"బాగుజెయ్యమని ఎవరన్నారు. ఒక కాగితం రాయల్ల నువ్వు." రంగన్న స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "బాంబుల్లేవు, ఏం లేవు. ఈ సెట్టులో కరెంటు షార్టయి మంటలొచ్చినాయి. కొట్టం కాలిపాయ. స్టేషనులో గూడా అట్లే రాసుకుంటామన్నారు. దీన్ని రిపేరు జేసింది నువ్వేనని ఆ యింటోళ్ళే సెప్పినారు. ఫ్యూజు ఉండేకాడ తీగ యేసినా, నాదే తప్పు అని నువ్వు రాసిస్తే ఐపోతాది. పెద్ద కేసేం గాదు. ముందర మేముంటాం."

కమాల్ బాషాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సెట్టును అవతలికి నెట్టాడు. "సంపినోళ్ళెవరో ఊరంతా ఎరుగుదురు. మీ పార్టీవాడే గదా సచ్చింది. మీరే ఇట్లంటే ఎట్ల?"

"మీ పార్టీ మా పార్టీ అనేది ఇంగ లేదు మామా. బుధవారం జమ్మలమడుగులో మీటింగు. ఆ తట్టు నాయకుడు మా పార్టీలోకి వస్తాండాడు. ఎన్నికలు మూడు నెల్లుండాయి. ఇద్దరూ ఒక జీపులో తిరగల్లంటే మధ్యలో ఈ కేసు ఉండగూడదు." రంగన్న లేచి పంచె దులుపుకున్నాడు. "శుక్కురారం వస్తా. సెట్టు నీ దగ్గర్నే పెట్టుకో. కాగితానికి తగినట్లు ఉండల్ల అది."

ఆయన వెళ్ళిపోయాక కూడా కాలిన వాసన పోలేదు. ఎదురుగా పెద్దసుబ్బమ్మ రేడియోలో పాడిపశువుల కార్యక్రమం వస్తోంది. కమాల్ బాషా ఆ రోజు ఇంకే సెట్టూ ముట్టుకోలేదు.

మంగళవారం పొద్దున్నే అంగడి తీసి, అలమారలో నుంచి ఆ సెట్టు పుస్తకం తీశాడు. తెరవాల్సిన పని లేకపోయినా తెరిచాడు. మొదటి పేజీలో సెట్టును ఏ ముక్కకు ఆ ముక్క విడదీసి గాల్లో వేలాడదీసినట్టు గీసిన బొమ్మ ఉంది. దాని ప్రకారం వెనకవైపు ఆరు మరలు విప్పాడు. రెండు కరిగిన ప్లాస్టిక్‌లో కూరుకుపోయి ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ కొనతో చుట్టూ వేడిచేసి మెల్లిగా వాటినీ లాగాడు.

మూత ఎత్తి చూస్తే లోపల బంగారంలా ఉంది. మసి లేదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ ఉన్న పసుపు కాగితం పసుపుగానే ఉంది. ప్లాస్టిక్ బయటి నుంచి లోపలికి జారింది కానీ లోపలి నుంచి బయటికి కాదు. గాజు ఫ్యూజులో సన్నతీగ తెగకుండా మెరుస్తోంది. మూత లోపల తన పెన్సిలు రాత అట్లే ఉంది. కమాల్ బాషా, తారీకు, పదమూడో పేజీ. అన్నిటికన్నా ముందు చూడాల్సింది చివర చూశాడు. ముందువైపు పవర్ స్విచ్చి కరిగిన ప్లాస్టిక్ మధ్య ఆఫ్‌లో అతుక్కుపోయి ఉంది. ఆ రాత్రి మంటలు లేచినప్పుడు సెట్టు నడవడమే లేదు. ఎర్రన్న దాన్ని కట్టేసి పడుకున్నాడు.

స్పీకరు డబ్బా తిప్పి చూశాడు. చెక్కలో మూడు మేకులు దిగబడి ఉన్నాయి. ఒకదాని చుట్టూ కాలిన పురికొస చుట్టుకొని ఉంది. నాటుబాంబులో ఏమేం పెట్టి పురికొసతో బిగిస్తారో ఈ జిల్లాలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టకారుతో ఒక్కొక్కటే పీకి, అలవాటు చొప్పున కాగితం కవరులో వేశాడు. పాత సామాన్లు యజమానికి ఇవ్వాలి. యజమాని లేడని అప్పుడు గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

ఆ తర్వాత ఆయన చేసింది ఒట్టి మొండితనం. ఎవరూ అడగకపోయినా సెట్టును బాగుచెయ్యడానికి కూర్చున్నాడు. కాలిన కరెంటు వైరు కోసి కొత్తది వేశాడు. ఆఫ్‌లో అతుక్కున్న స్విచ్చిని కదిలించకుండా దాని వెనక కాళ్ళు రెండూ కలిపాడు. పుస్తకంలో ఎర్రసిరాతో అచ్చువేసిన ఓల్టేజీలను మీటరుతో ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి సెట్టును నూరు వాట్ల బల్బుతో సీరీస్‌లో పెట్టి ప్లగ్గు తగిలించాడు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలగాలి. అది ఒక్కసారి ఎర్రగా మెరిసి మెల్లిగా ఆరిపోయింది. సెట్టులో నుంచి కడప స్టేషను వచ్చింది. ఎర్రన్న పెట్టిన చోటనే ముల్లు ఉంది. వాన లేక ఎండిన చేన్ల గురించి ఎవరో మాట్లాడుతున్నారు. కమాల్ బాషాకు దుఃఖం, కోపం ఒకేసారి వచ్చాయి. ఇంత నిక్షేపంగా ఉన్నదాన్ని హంతకురాలు అనమంటున్నారు.

సాయంత్రం ఇంట్లో చెబితే షాహీదాబీ చేతిలో రొట్టె చేతిలోనే పెట్టుకొని విన్నది. "రాసియ్యి. ఒక సంతకం పోతే ఏం బోతాది. వాళ్ళతో పెట్టుకుంటే మనకు ఎట్ల పడతాది" అన్నది.

"సంతకం కాదే. ముప్పై ఏండ్లుగా నా చేతిలో ఒక్క సెట్టు పొగరాలేదు. ఫ్యూజు బదులు తీగ యేసినానని రాస్తే, ఇంగ నా దగ్గరికి ఎవరొస్తారు? వచ్చినా నేను ఏం మొహం పెట్టుకొని బుక్కు తెరుస్తా?"

"నువ్వుంటే గదా తెరిచేది" అని ఆమె రొట్టె పెనం మీద వేసింది.

బుధవారం బస్సెక్కి జమ్మలమడుగు పోయాడు. రాయనన్న మాట రంగన్న మొహాన్నే చెప్పాలని ఆయన పట్టుదల. మీటింగు మైదానంలో షామియానాలు, జెండాలు. నిన్నటిదాకా ఒకరి నీడ ఒకరు తొక్కని నాయకులిద్దరూ ఒకే పూలదండలో తలలు దూర్చి నిలబడ్డారు. మైకు కీచుమని అరుస్తోంది. స్పీకరును మైకుకు ఎదురుగా పెట్టారు, అరవక ఏం చేస్తుంది. నాలుగడుగులు పక్కకు తిప్పితే సరిపోయే పని. అంతమంది చెవులు మూసుకుంటున్నారే కానీ ఒక్కడూ తిప్పలేదు. ఆ అరుపుల మధ్యనే ఒక నాయకుడు, మన పల్లెల్లో ఇంక నెత్తుటి చుక్క రాలదని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

రంగన్న గుంపులో నుంచి చూసి తానే వచ్చాడు. టీ అంగడి దగ్గరికి తీసుకుపోయి, ఒక గ్లాసు ఆయన చేతికిచ్చాడు.

"సెట్టు పాడతాంది రంగన్నా" అన్నాడు కమాల్ బాషా. "లోపల ఒక్క తీగ కాల్లా. స్విచ్చి ఆఫ్‌లో ఉండాది. పాడే సెట్టు మనిషిని ఎట్ల సంపింది? నేను రాయను."

రంగన్న నవ్వాడు. కోపగించుకుంటే బాగుండేది. "పాడకుండా జేసేది నీకు రాదా మామా. అంత పనిమంతునివి." అని ఆయన చొక్కా కాలరు ఒకవైపు మడత పడి ఉంటే వేలితో నిదానంగా సరిచేశాడు. "ఎండలో వచ్చినావు. ఇంటికి పో. ఆయమ్మ ఒక్కతే ఉంటాది గదా పొద్దుగూకులూ."

తిరుగు బస్సులో కాలరు దగ్గర ఆ వేలు ఇంకా ఉన్నట్టే ఉంది. అయినా కమాల్ బాషా మనసు మార్చుకోలేదు. భయం వేరు, రాయడం వేరు అనుకున్నాడు.

గురువారం పది గంటలకు సంజీవమ్మ వచ్చింది. ఎర్రన్న భార్య. పెద్దదినం అయ్యి ఒక్కరోజే అయింది. బొట్టులేని మొహం, అంచు లేని చీర. ఆయన ఏమీ అనకముందే ఆమె భర్త కూర్చున్న స్టూలు మీదనే కూర్చుంది. ఎదురుగా బల్లమీద సెట్టు ఉంది. దాన్ని చూడకుండా గోడను చూసింది.

కమాల్ బాషాకు ఆమెను చూడగానే బలం వచ్చింది. "నువ్వేం దిగులు పడొద్దమ్మా. రంగన్న నిన్నెట్ల బెదిరించినాడో నాకు తెలుసు. నేను రాయనని సెప్పి వచ్చినా. ఇదిగో, సూడు" అని కవరు వంచి మూడు మేకులనూ బల్లమీద పోశాడు. "సాచ్చెం ఇది. నీ మొగుణ్ణి ఏం సంపిందో ఇది సెప్తాది. ఏ కోర్టుకైనా నేను వస్తా."

ఆమె చెయ్యి చాపింది. తీసుకుంటుందనుకున్నాడు. అరచెయ్యి బోర్లించి మేకుల మీద కప్పి అట్లే పెట్టింది.

"రంగన్న నన్నేం బెదిరించలేదన్నా. రాజీకి రమ్మన్నారు, అంతే. సెట్టు మాట వాళ్ళకు సెప్పింది నేనే. నీ పేరు సెప్పింది గూడా నేనే."

పెద్దసుబ్బమ్మ రేడియో ఎదురుగా పాడుతూనే ఉంది. కమాల్ బాషా బల్ల అంచు పట్టుకున్నాడు.

"నా మరిది ఉండాడు, చిన్నన్న. నేను కాపరానికి వచ్చినప్పుడు ఆరేండ్లోడు. నా చేతి అన్నంతోనే పెరిగినాడు. ఆ రాత్రి వాడు మంద తోలుకొని ఖాజీపేట తట్టు ఉన్న్యాడు. ఏం జరిగిందో కండ్లతో సూళ్ళేదు. వచ్చినకాడి నుంచి ఊర్లో నలుగురు నలుగురు వచ్చి వాని చెవిలో ఊదుతాండారు. మొగోనివేనా, అన్న నెత్తురు అట్లే పోనిస్తావా అని. వాళ్ళ పిల్లోళ్ళను ఎవరినీ పంపరు. వీణ్ణి పంపుతారు. మొన్న కొడవలి కొలిమికి యేసి పదును పెట్టించుకొచ్చినాడు." ఆమె గొంతు ఎత్తలేదు, దించలేదు. "కేసు నడిపినా వాడు నరికేదానికి పోతాడు. కొట్టేసినా పోతాడు. వాళ్ళన్నను మనిషి సంపలేదు, మిషను సంపింది అని నమ్మితే ఆగుతాడు. దానికి తప్ప ఆగడు."

"వేరే ఎవురితోనన్నా రాపియ్యి తల్లీ. సందులో రాసేవాళ్ళు పదిమంది ఉండారు."

"ఈ సెట్టు నువ్వు తప్ప ఎవరూ ముట్టలేదని వానికి తెలుసు. ఆయప్ప నీ గురించి ఊరంతా సెప్పి సంపినాడు గదా. బుక్కు సూసి సేస్తాడు, పేరు రాసి ఇస్తాడు, అబద్ధం సెప్పడు అని. నువ్వు సెప్తేనే వాడు నమ్ముతాడు."

"నమ్మి నా మీదికి వస్తే?"

సంజీవమ్మ రెండో చేత్తో కొంగు సరిచేసుకుంది. "వస్తాడేమో. రాడని నేను మాటియ్యలేను. రేపొద్దున నమాజుకు ముందు వాణ్ణి పిల్చుకొస్తా. నేను మధ్యలో నిలబడతా." అప్పుడు మొదటిసారి ఆయన కళ్ళల్లోకి చూసింది. "నీ పేరు సెడిపోతాదన్నా. నాకు తెలుసు. తెలిసే అడుగుతాండా."

ఆమె చెయ్యి ఎత్తింది. అరచేతిలో మూడు గుంటలు పడి ఉన్నాయి. లేచి, మేకులు తానే కవరులో వేసి మడిచి, ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు కమాల్ బాషా మూత మళ్ళీ తీశాడు. పట్టకారుతో గాజు ఫ్యూజు పెరికి మేకుల కవరులో వేశాడు. పాత వైరు ముక్క ఒలిచి, లోపలి రాగిపోగుల్లో నుంచి ఒకదాన్ని లాగి, ఫ్యూజు కూర్చునే రెండు కొనలకూ చుట్టి సీసం పెట్టాడు. చూసుకుంటే అతుకు ముత్యంలా గుండ్రంగా, మెరుస్తూ వచ్చింది. దొంగపని అంత శుభ్రంగా ఉంటే ఎవరు నమ్ముతారు. కరిగించి తీసేశాడు. రెండోసారీ చెయ్యి మాట వినలేదు. మూడోసారి కావాలని చెయ్యి వణికించి, సీసం ముద్దలు ముద్దలుగా, పోగు వంకరగా వచ్చేట్టు అతికాడు. ముప్పై ఏళ్ళలో అంత చెడ్డపని చెయ్యడం అదే మొదలు.

ఐరన్ కొనతో ట్రాన్స్‌ఫార్మరు పసుపు కాగితాన్ని నల్లగా కాల్చాడు. కిరోసిన్ దీపం మసి లోపలంతా పట్టించాడు. స్విచ్చి చుట్టూ ప్లాస్టిక్‌ను వేడిచేసి ఆఫ్ నుంచి ఆన్‌కు నెట్టాడు. మూత లోపల పెన్సిలు రాతను మాత్రం ఏమీ చెయ్యలేదు. అది ఉండాలి, ఆయనే చేశాడని తెలియాలి. ఆ సాయంత్రం ఇంట్లో సబ్బు పెట్టి ఎంత రుద్దుకున్నా వేళ్ళ సందుల్లో మసి పోలేదు. షాహీదాబీ చెంబుతో నీళ్ళు పోస్తూ నిలబడింది.

శుక్రవారం పదకొండు గంటలకు చిన్నన్న వచ్చాడు. వదిన వెనకనే ఉంది. ఎర్రన్న పోలికే. అంతకన్నా ఒక జానెడు పొడుగు. ఎండాకాలం అంత పొద్దెక్కినా భుజం మీద నల్లగొంగడి వేసుకొని, దాని కింద ఎడమచెయ్యి దాచుకున్నాడు. అక్కడ ఏముందో కమాల్ బాషా చూడకుండానే తెలుసుకున్నాడు.

"నువ్వేనా బుక్కు బాషా."

"నేనేనప్పా."

"సూపియ్యి."

మూత ఎత్తి చూపించాడు. చిన్నన్న మసిని చూశాడు. వంకర తీగను చూశాడు. పెన్సిలు రాత మీద వేలు పెట్టాడు. "ఇదేంది?"

"నా పేరు. బాగుజేసిన తారీకు."

"బుక్కులో యాడుండాది ఇది? నాకు బుక్కులో సూపియ్యి."

కమాల్ బాషా పుస్తకం తెచ్చి పదమూడో పేజీ తెరిచాడు. ఎన్ని వేలసార్లు తెరిచిన చేతులో, ఈసారి పేజీ దొరకడానికి సమయం పట్టింది. ఫ్యూజు బొమ్మ పక్కన ముక్కోణం గుర్తు ఉంది. చిన్నన్న దాన్ని గుర్తుపట్టాడు.

"మా యన్న సెప్పినాడు దీని గురించి. ఈ ముక్కోణం ఉన్నకాడ నువ్వు ప్రాణం పోయినా వేరే సామాను ఎయ్యవని. మందకాడ కూసోని మట్టిలో ఈ గుర్తు గీసి సూపించినాడు నాకు. అంత సెప్పినోనివి తీగ యాల యేసినావు?"

రాత్రంతా అల్లుకున్న మాటలు ఒక్కటీ అక్కరకు రాలేదు. చివరికి ఏ మెకానిక్కైనా చెప్పే మాటే వచ్చింది. "ఆ పొద్దు సరైన ఫ్యూజు దొరకలేదప్పా. తర్వాత యేద్దాంలే అనుకొంటి. మర్సిపోతి."

"మర్సిపోతివి."

"ఊ. తప్పు నాదే."

చిన్నన్న పుస్తకం మూసి పక్కకు నెట్టాడు. కొట్టాలని కమాల్ బాషా మనసులో కోరుకున్నాడు. కొడితే కొంచెం తీరేది. సంజీవమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది. చిన్నన్న ఆమె తల మీదుగా ఆయన్ని చూస్తూ, చూస్తూ, ఉన్నట్టుండి మూతి వంకరపోయి ఏడ్చేశాడు. అంత మనిషి, అంగడి మధ్యలో నిలబడి, ముక్కు తుడుచుకోకుండా ఏడ్చాడు. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. పెద్దసుబ్బమ్మ దారం పట్టుకున్న చెయ్యి ఆపింది.

"ఎవురో పగోడు సంపినాడనుకొంటి. వాని గొంతు కొయ్యల్లనుకొంటి. నీ మాదిరోడు సంపినాడు. ఒక మరుపుకు సంపినాడు. నిన్ను నరికితే నా అన్నకు ఏమొస్తాది?"

సంజీవమ్మ గొంగడి కిందికి చెయ్యి పోనిచ్చి కొడవలి తీసుకుంది. వాడు ఇచ్చేశాడు. దాన్ని ఆమె కొంగులో చుట్టి చంకలో పెట్టుకుంది. చిన్నన్న గుమ్మం దాటబోతూ ఆగాడు. "ఇంగ ఎవురింట్లో సామానూ ముట్టొద్దు నువ్వు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

వాడు మెట్లు దిగాక సంజీవమ్మ వెనక్కి తిరిగి, ఏ గిరాకీ అయినా అడిగినట్టే, "పాత సామాన్లు ఇయ్యన్నా" అన్నది. కమాల్ బాషా కవరు ఇచ్చాడు. అందులో మేకులు మూడు, మంచి ఫ్యూజు ఒకటి ఉన్నాయి. ఆమె దాన్ని రవికెలో దోపుకొని మరిది వెనక నడిచింది.

మసీదులో ఆయన చివరి వరసలో నిలబడ్డాడు. మూడు గంటలకు రంగన్న వచ్చాడు, కాగితం తానే రాయించి తెచ్చాడు. కమాల్ బాషా చదవకుండా సంతకం పెట్టాడు. "సూసినావా మామా, నాలుగు మాటలతో తేలిపాయ. నీ మాదిరి పెద్దమనుషులు మాట వింటే మాకు శ్రమే ఉండదు" అని రంగన్న మళ్ళీ కాలరు సరిచేశాడు. ఈసారి అది సరిగ్గానే ఉంది. భయపడి రాశానని వీడు అనుకుంటున్నాడు, మరిచిపోయి చంపానని చిన్నన్న అనుకుంటున్నాడు. అసలు సంగతి తెలిసింది ఒక్క సంజీవమ్మకే. ఆమె మళ్ళీ ఈ సందులోకి రాదు.

శనివారం పొద్దున అంగడి తీసేసరికి ఎదురుగా రేడియో పాడటం లేదు. పెద్దసుబ్బమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆయన తలుపు పూర్తిగా తెరవకముందే లేచి వచ్చి బల్లమీద పెట్టింది.

"పాడతా లేదా" అన్నాడు కమాల్ బాషా.

"పాడతాది నాయనా. బాగనే పాడతాది." ఆమె ఆయన మొహం చూడకుండా పూలదారం వేలికి చుట్టుకుంటోంది. "ఏం ల్యా. మా మనవరాలు రాత్రి దీని పక్కనే పండుకుంటాది. ఒక్కసారి మూత తీసి సూపిస్తావేమోనని."

ఆయన మరలు విప్పాడు. లోపల పెన్సిలు రాత, పదకొండేళ్ళ కిందటి తారీకు. ఫ్యూజు దాని చోట అది మెరుస్తూ ఉంది. "ఇదిగో, సరైనదే ఉండాది సూడు."

ఆమె వంగి చూసింది. "నాకేం తెలుస్తాది. నువ్వు సెప్పింది నమ్మేదే గదా ఇన్నాళ్ళూ" అన్నది. అని, మాట మార్చడానికన్నట్టు, "ఆ గొర్రెల పిల్లోడు లే, నిన్న ఏడ్సినోడు. పొద్దున్నే వదినా మరిదీ మంద తోలుకొని పులివెందుల దోవ పట్టినారంట. సింహాద్రిపురం కాడ ఆయమ్మ పుట్టిల్లంట. కోనదిన్నెకు ఇంగ రారంట" అన్నది.

కమాల్ బాషా స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి రెండు చేతులూ దాని పక్కన ఆనించాడు. వాడు బతికాడు. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

పెద్దసుబ్బమ్మ రేడియో తీసుకొని పోయింది. పెట్టలేదు. గంప పక్కన గోనెపట్టా కింద దాన్ని బోర్లించి పెట్టి పూలు కట్టడం మొదలుపెట్టింది. మెట్ల కింద ఇంకా ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో టేపురికార్డరు, ఇంకొకరి తలమీద యాంప్లిఫయరు. రెండూ ఆయన బాగుచేసినవే, రెండూ చెడిపోలేదు. మొదటాయన టేపురికార్డరు బల్లమీద పెట్టాడు. కమాల్ బాషా అలవాటుగా వెనక్కి తిరిగి అలమార తెరిచాడు.

"బుక్కొద్దు మామా" అన్నాడు అతను. "మూత తీసి సూపియ్యి సాలు."

కమాల్ బాషా అలమార మూసి, స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.